నేషనల్ క్యాంప్‌లో ఉండగా మానసిక చికిత్స ఎలా ఏర్పాటు చేసుకోవాలి

జాతీయ స్థాయిలో ఆడేవాళ్లు సైకియాట్రిస్ట్ దగ్గరికి చాలా ఆలస్యంగా వెళ్తారు. బయటివాళ్లు దాన్ని సిగ్గు అనుకుంటారు. ‘ఎర్రగడ్డ కేసు’ అని వెక్కిరించే వాతావరణంలో పెరిగినవాళ్లకు సిగ్గు కొంత ఉండే ఉంటుంది. కానీ అంతకన్నా పెద్దది భయం. ఈ మాట సెలెక్షన్ కమిటీలో ఎవరి చెవిన పడుతుందో, ట్రయల్స్ జాబితాలో పేరు ఎక్కడ జారిపోతుందో అన్న భయం. అది వట్టి భయమని నేను అనను. ఫిజియో గదిలో పొద్దున అన్న మాట సాయంత్రానికి మెస్‌లో తిరగడం క్యాంపుల్లో కొత్తేమీ కాదు.

అందుకే ఇక్కడ ఊపిరి వ్యాయామాల గురించి, పాజిటివ్ థింకింగ్ గురించి పెద్దగా చెప్పను. మీ చికిత్స చూసే మనిషి, మీ సెలెక్షన్ తేల్చే మనిషి వేర్వేరుగా ఉండేలా ఎలా చూసుకోవాలో చెబుతాను. అది కుదిరితే మిగతాదంతా మామూలు వైద్యమే.

మీరు ఒంటరి కేసు కూడా కాదు. 2019లో ప్రచురితమైన ఒక పెద్ద సమీక్షలో, ప్రస్తుతం ఆడుతున్న అగ్రశ్రేణి క్రీడాకారుల్లో దాదాపు 34 శాతం మందిలో ఆందోళన లేదా కుంగుబాటు లక్షణాలు కనిపించాయి. లక్షణాలున్న ప్రతివారికీ జబ్బు ఉన్నట్టు కాదు గానీ, మెస్‌లో మీతోపాటు భోజనానికి కూర్చున్నవాళ్లలో ఇంకెవరో ఇదే మోస్తున్నారని అనుకోవచ్చు.

1. బాగున్నప్పుడే మీ ‘మామూలు’ ఏమిటో రాసిపెట్టుకోండి

ట్రైనింగ్ డైరీ ఎలాగూ రాస్తారు. అందులోనే రోజుకు ఐదు విషయాలు కలపండి. ఎన్ని గంటలు పడుకున్నారు, మధ్యలో ఎన్నిసార్లు మెలకువ వచ్చింది, పొద్దున లేవగానే రెస్టింగ్ హార్ట్ రేట్ ఎంత, ఆకలి ఎలా ఉంది, ప్రాక్టీస్‌కు వెళ్లాలని పదికి ఎంత అనిపించింది. ఆఫ్ సీజన్‌లో రెండు మూడు వారాలు రాస్తే మీ మామూలు స్థితి ఏమిటో కాగితం మీద తేలుతుంది. సీజన్ మధ్యలో ఏదైనా తేడా వస్తే పోల్చుకోవడానికి అదే ఆధారం.

ఫైనల్ ముందు రాత్రి నిద్ర పట్టకపోవడం జబ్బు కాదు. ఫైనల్ అయిపోయి, ఇంటికొచ్చి, అమ్మ చేతి వంట తిన్నాక కూడా రోజూ తెల్లవారుజామున మూడింటికే మెలకువ వస్తుంటే అది వేరే సంగతి. కుంగుబాటు విషయంలో డాక్టర్లు మామూలుగా చూసే గీత రెండు వారాలు. ఆ రెండు వారాలూ దాదాపు ప్రతిరోజూ, రోజులో ఎక్కువసేపు మనసు కుంగి ఉంటోందా, లేదంటే దేని మీదా ఆసక్తి లేకుండా పోయిందా అని అడుగుతారు.

ఆటగాళ్లతో ఒక చిక్కుంది. చాలామందిలో ఆట అన్నిటికన్నా చివర్లో దెబ్బతింటుంది. ఏళ్ల తరబడి చేసిన సాధన వల్ల మనసు సహకరించకపోయినా కాళ్లూ చేతులూ వాటి పని అవి చేసుకుపోతాయి. కాబట్టి స్కోర్లు చూసి బాగానే ఉన్నానని తేల్చుకోకండి. ఇంటి నుంచి ఫోన్ వస్తే ఎత్తడం మానేశారా? డబుల్స్ పార్ట్‌నర్ మీద చిన్నదానికే కస్సుమంటున్నారా? కోచ్ చెప్పినదానికన్నా ఎక్కువ చేస్తూ, ఆపితే తప్పు చేసినట్టు నలిగిపోతున్నారా? గెలిచినా ఏమీ అనిపించడం లేదా? నా దృష్టిలో ఈ చివరి ప్రశ్నే అన్నిటికన్నా పదునైనది. ఓడితే ఏడుపు రావడం ఆరోగ్యం. గెలిచినా లోపల ఏమీ కదలకపోతే మాత్రం ఎవరితోనైనా మాట్లాడాలి.

అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ దీనికోసం రెండు పత్రాలు తయారుచేయించింది. ఎస్ఎంహెచ్‌ఏటీ-1 అనేది డాక్టర్లు వాడేది, 16 ఏళ్లు నిండినవాళ్లకు. అందులో మొదటి మెట్టు పది ప్రశ్నలు, గత నాలుగు వారాల గురించి. మొత్తం 17 లేదా అంతకన్నా ఎక్కువ వస్తే ఆందోళన, కుంగుబాటు, నిద్ర, మద్యం, మత్తుమందులు, తిండి అలవాట్ల మీద విడివిడిగా ప్రశ్నలు ఉంటాయి. రెండోది ఎస్ఎంహెచ్‌ఆర్‌టీ-1. దాన్ని మీరు, మీ కోచ్, ఇంట్లోవాళ్లు ఎవరైనా చూసుకోవచ్చు. రెండూ ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతాయి. మొదటిదాన్ని మీకు మీరే నింపుకుని తీర్పు ఇచ్చేసుకోకండి. ప్రింట్ తీసుకుని డాక్టర్ దగ్గరికి పట్టుకెళ్లండి. మన ఊళ్లలో చాలామంది సైకియాట్రిస్టులు క్రీడాకారులను తరచుగా చూసి ఉండరు, ఆ కాగితం వాళ్లకూ సాయం చేస్తుంది.

2. రక్తపరీక్ష చేయించండి

ఓవర్‌ట్రైనింగ్, కుంగుబాటు బయటికి ఒకేలా కనిపిస్తాయి. నీరసం, చిరాకు, నిద్రలేమి, ఆటలో వేగం తగ్గడం. థైరాయిడ్ తేడా ఉన్నా, ఐరన్ నిల్వలు పడిపోయినా, బి12 లేదా విటమిన్ డి తక్కువైనా ఇంచుమించు ఇవే. అందుకని థైరాయిడ్, హీమోగ్లోబిన్, ఫెరిటిన్, బి12, విటమిన్ డి పరీక్షలు చేయమని డాక్టర్‌ను అడగండి. వీటికి ఎవరి దగ్గరా దాపరికం అక్కర్లేదు, క్యాంప్ డాక్టరే రాసిస్తారు.

తిండి సంగతి కాస్త నిదానంగా చూడాలి. చేసే కసరత్తుకు తినేది చాలకపోతే ఎముకలు, హార్మోన్లు, మనసు అన్నీ కలిసి దెబ్బతింటాయి. ఒలింపిక్ కమిటీ 2014లో దీనికి రెడ్-ఎస్ అని పేరు పెట్టింది. అమ్మాయిలకు నెలసరి ఆగిపోతే ‘పోనీలే, టోర్నమెంట్‌కు అడ్డం లేదు’ అని ఊరట పడటం క్యాంపుల్లో మామూలే. మూడు నెలలు ఆగిందంటే డాక్టర్‌ను కలవాల్సిందే. బరువు విభాగాల్లో ఆడే బాక్సర్లు, రెజ్లర్లు, వెయిట్‌లిఫ్టర్లకు ఇంకో పోరు ఉంటుంది. 2024 పారిస్‌లో వినేశ్ ఫోగట్ 100 గ్రాముల తేడాతో ఫైనల్‌కు దూరమైనప్పుడు దేశమంతా ఒక్క రాత్రి గురించి మాట్లాడుకుంది. మీకు తెలుసు అలాంటి రాత్రులు ఏడాదికి ఎన్ని ఉంటాయో. వెయిట్ కట్ (పోటీ ముందు బరువు దించుకోవడం) అయ్యాక కూడా రోజంతా తిండి తప్ప వేరే ఆలోచన రాకపోతే, తిన్నాక కక్కేయాలనిపిస్తుంటే, అది క్రమశిక్షణ కాదని గుర్తించండి. దానికి పోషకాహార నిపుణులు, సైకియాట్రిస్టు ఇద్దరూ కావాలి.

తలకు తగిలిన దెబ్బల గురించి కూడా చెప్పండి. బాక్సింగ్ అనే కాదు, కబడ్డీలోనూ ఫుట్‌బాల్‌లోనూ తల తగులుతుంది. తర్వాత వారాలపాటు చిరాకు, దిగులు, నిద్రలో తేడా ఉండొచ్చు. డాక్టర్ అడగకపోతే మీరే చెప్పాలి.

3. సరైన మనిషిని వెతకండి

బోర్డు మీద స్పోర్ట్స్ సైకాలజిస్ట్ అని ఉన్నంత మాత్రాన చికిత్స చేసే అర్హత ఉన్నట్టు కాదు. మూడు రకాలవాళ్లు ఉంటారు, ముగ్గురి పనీ వేరు.

మెంటల్ కండిషనింగ్ కోచ్ ఏకాగ్రత, మ్యాచ్‌కు సిద్ధపడటం, ఒత్తిడిలో నిర్ణయాలు లాంటివి చూస్తారు. 2024లో గుకేశ్ ప్రపంచ చదరంగ చాంపియన్ అయినప్పుడు ప్యాడీ ఆప్టన్ పేరు మార్మోగింది కదా, ఆయనది ఈ పని. అదే ఏడాది పారిస్‌లో కాంస్యం గెలిచిన మన హాకీ జట్టుతోనూ ఆయన పనిచేశారు. గొప్ప పనే గానీ అది జబ్బుకు వైద్యం కాదు. క్లినికల్ సైకాలజిస్ట్ థెరపీ చేస్తారు, మందులు రాయరు. వాళ్లకు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉండాలి. సీఆర్ఆర్ నంబర్ (ఆ రిజిస్ట్రేషన్ నంబరే) అడగండి, కౌన్సిల్ వెబ్‌సైట్‌లో చూసుకోవచ్చు. సైకియాట్రిస్ట్ ఎంబీబీఎస్ తర్వాత మానసిక వైద్యంలో పీజీ చేసిన డాక్టర్. మందులు రాసేది వాళ్లే. వాళ్ల పేరు రాష్ట్ర మెడికల్ కౌన్సిల్‌లో ఉంటుంది.

రెండు వారాలు దాటిన కుంగుబాటు, గుండె దడతో ఊపిరాడనట్టు వచ్చే ప్యానిక్ అటాక్‌లు, తిండి సమస్య, తాగుడు, చనిపోవాలన్న ఆలోచన, వీటిలో ఏది ఉన్నా మెంటల్ కోచ్ దగ్గర ఆగిపోకండి. నేరుగా సైకియాట్రిస్ట్ దగ్గరికి వెళ్లండి.

భాష గురించి ఒక మాట. పటియాలాలోనో బెంగళూరులోనో క్యాంప్ ఉంటే అక్కడి సైకాలజిస్టు హిందీలోనో ఇంగ్లిష్‌లోనో మాట్లాడతారు. ప్రెస్ కాన్ఫరెన్స్‌కు మీ ఇంగ్లిష్ సరిపోవచ్చు. నాన్న మీద కోపం గురించి, కోచ్ అన్న మాట గురించి చెప్పాలంటే మాత్రం నిజామాబాద్ యాసో శ్రీకాకుళం యాసో కావాలి. 2020 నుంచి మన దేశంలో వీడియో ద్వారా వైద్యానికి స్పష్టమైన మార్గదర్శకాలు ఉన్నాయి. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఒక తెలుగు డాక్టర్‌ను ఒకసారి ముఖాముఖి కలిసి, తర్వాత క్యాంప్ నుంచి వీడియోలో మాట్లాడటం అన్నిటికన్నా సులువు. క్యాంప్ ఊరికీ మీ డాక్టర్‌కూ సంబంధం లేకపోవడం వల్ల గుట్టు కూడా దక్కుతుంది. డబ్బు ఇబ్బంది అయితే ఎర్రగడ్డ మానసిక ఆరోగ్య సంస్థ, విశాఖ ప్రభుత్వ మానసిక చికిత్సాలయం, ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆసుపత్రుల్లోని సైకియాట్రీ విభాగాలు ఉన్నాయి.

అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే మూడు ప్రశ్నలు అడగండి. నాడా (మన దేశంలో డోపింగ్ పరీక్షలు చేసే సంస్థ) పరీక్షలకు లోబడిన క్రీడాకారులను ఎప్పుడైనా చూశారా? టోర్నమెంట్లలో ఉన్నప్పుడు రాత్రి పూట ఫోన్‌లో దొరుకుతారా? మీ ఫీజు ఎవరు కట్టినా నా వివరాలు మీ దగ్గరే ఉంటాయా? మొదటిదానికి లేదని చెప్పినా పరవాలేదు, నేర్చుకుంటానంటే చాలు. మూడోదానికి నసిగితే వేరేవాళ్లను చూసుకోండి.

4. ఎవరికి ఎంత తెలియాలో రాతలో పెట్టండి

మిగతావి కుదరకపోయినా ఈ ఒక్కటి తప్పకుండా చేయండి.

మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 ఇప్పుడు అమల్లో ఉంది. దాని 23వ సెక్షన్ ప్రకారం మీ మానసిక చికిత్స వివరాలు గోప్యంగా ఉంచుకోవడం మీ హక్కు. ప్రాణాపాయం, కోర్టు ఆదేశం లాంటి కొన్ని సందర్భాల్లో మాత్రమే మినహాయింపు. ఫెడరేషన్ అడిగిందన్నది ఆ మినహాయింపుల్లో లేదు. అయితే చట్టం డాక్టర్‌ను కట్టేస్తుంది గానీ క్యాంప్ వాట్సాప్ గ్రూప్‌ను కట్టేయదు. కాబట్టి ఏర్పాటు మీరే చేసుకోవాలి.

మొదటి సిటింగ్‌లోనే డాక్టర్‌తో కూర్చుని ఒక కాగితం రాయించండి. మూడు వరుసలు చాలు. టీమ్ డాక్టర్‌కు ఏం చెప్పొచ్చు (వాడుతున్న మందుల పేర్లు, దుష్ప్రభావాలు). కోచ్‌కు ఏం చెప్పొచ్చు (ట్రైనింగ్‌లో మార్పు, ఎన్ని వారాలు). ఫెడరేషన్‌కు ఏం చెప్పొచ్చు (ఆడటానికి ఫిట్, అన్‌ఫిట్ అన్నది మాత్రమే). కింద మీ సంతకం, తేదీ. మీ సంతకం లేకుండా ఇందులో లేనిది ఏదీ బయటికి వెళ్లకూడదని డాక్టర్‌తో స్పష్టంగా అనుకోండి.

ఫీజు ఎవరు కడుతున్నారన్నది కూడా ఇందులో భాగమే. ఫెడరేషనో స్పాన్సరో కడితే బిల్లు వాళ్లకు వెళ్తుంది, బిల్లులో ఏదో ఒకటి రాసి ఉంటుంది. స్తోమత ఉంటే మొదటి కొన్ని సిటింగులు మీ జేబులోంచే కట్టుకోండి. ఆ చట్టమే ఆరోగ్య బీమా కంపెనీలు శరీర జబ్బులకు ఇచ్చినట్టే మానసిక జబ్బులకూ రక్షణ ఇవ్వాలని చెబుతుంది. పాలసీ ఉంటే చదివి చూడండి.

కోచ్‌కు ఎలా చెప్పాలన్నది చాలామందిని ఆపేసే చోటు. ఎదురుగా నిలబడి చెప్పడం కష్టమైతే మెసేజ్ పెట్టండి:

“సార్, ఒక ఆరోగ్య సమస్యకు డాక్టర్ దగ్గర చికిత్స తీసుకుంటున్నాను. నాలుగు వారాల పాటు పొద్దున సెషన్ గంట ఆలస్యంగా మొదలుపెట్టమన్నారు. డాక్టర్ గారి లెటర్ జత చేశాను. ఆటకు అడ్డం రాకుండా చూసుకుంటాను సార్. వివరాలు ఇప్పుడే చెప్పలేను, ఏమనుకోకండి.”

ఇందులో అబద్ధం లేదు, వివరం కూడా లేదు. మంచి కోచ్ అక్కడితో ఆగుతారు. ఆగకుండా గుచ్చి గుచ్చి అడిగితే అదే జవాబు మళ్లీ చెప్పండి. కోచ్ మీద మీకు నిజంగా నమ్మకం ఉంటే పూర్తిగా చెప్పడమే మేలు, కానీ ఎంత చెప్పాలన్నది మీ ఇష్టం.

పద్దెనిమిది నిండనివాళ్ల సంగతి వేరు. తల్లిదండ్రులకు తెలియాలి, చికిత్సకు వాళ్ల అనుమతి కావాలి. తల్లిదండ్రులు ఇది చదువుతుంటే ఒక్క విన్నపం: డాక్టర్‌తో మీ అమ్మాయి ఒంటరిగా మాట్లాడే సమయం ఇవ్వండి. బయటికి వచ్చాక ‘ఏం చెప్పావు?’ అని అడగకండి. సమస్యకు మూలం వేధింపు అయితే అది వైద్యంతో తీరేది కాదు. మైనర్ అయితే పోక్సో చట్టం ఉంది, 1098కి ఫోన్ చేయవచ్చు. పెద్దవాళ్లకు సంస్థల్లో పనిచేసే చోట మహిళలపై లైంగిక వేధింపుల నిరోధానికి తెచ్చిన 2013 చట్టం కింద అంతర్గత కమిటీ ఉండాలి. వేధించినవాడు ఉన్న క్యాంప్‌కు తిరిగి పంపుతూ పిల్లకు ధైర్యం నూరిపోయడం చికిత్స అనిపించుకోదు.

5. మందు మింగేముందు నిషేధిత జాబితా చూడండి

మామూలు రోగికి, మీకు తేడా ఇక్కడే.

ఎక్కువగా రాసే కుంగుబాటు మందులు, అంటే ఎస్సిటలోప్రామ్, సెర్ట్రాలిన్, ఫ్లూఓక్సెటిన్ లాంటివి ‘వాడా’ (ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ) నిషేధిత జాబితాలో లేవు. ‘మందు మొదలుపెడితే డోప్ టెస్టులో దొరికిపోతావు’ అనేవాళ్ల మాట నమ్మి చికిత్స మానుకోకండి. ఇవి పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది, మొదట్లో వికారం, నిద్రలో తేడా ఉండొచ్చు. కాబట్టి పెద్ద టోర్నీకి వారం ముందు కాకుండా ఆఫ్ సీజన్‌లో మొదలుపెట్టడం మంచిది. ఆగలేని పరిస్థితి అయితే టోర్నీ కన్నా మీరే ముఖ్యం.

చిక్కు తెచ్చేది ప్రొప్రనలాల్. చేతులు వణకడం, గుండె దడ తగ్గడానికి మన డాక్టర్లు తేలిగ్గా రాసే మాత్ర. అది బీటా బ్లాకర్. ఆర్చరీలో, షూటింగ్‌లో పోటీలప్పుడే కాదు, ఎప్పుడూ నిషిద్ధం. గోల్ఫ్, బిలియర్డ్స్ లాంటి మరికొన్ని ఆటల్లో పోటీల సమయంలో నిషిద్ధం. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో ఉత్తర కొరియా షూటర్ కిమ్ జోంగ్ సు రెండు పతకాలు గెలిచి, ఈ మందు దొరకడంతో రెండూ పోగొట్టుకున్నాడు. విజయవాడ ఆర్చరీకి, హైదరాబాద్ షూటింగ్‌కు పేరున్న చోటు కాబట్టి గట్టిగా చెబుతున్నాను: మీరు విల్లో తుపాకీయో పట్టేవాళ్లయితే డాక్టర్ గది గుమ్మం దగ్గరే ఈ మాట చెప్పండి. మిగతా ఆటలవాళ్లకు నిషేధం లేకపోయినా ఇది గుండె వేగాన్ని తగ్గిస్తుంది, పరుగు మీద ప్రభావం పడుతుంది.

ఏడీహెచ్‌డీకి (ఏకాగ్రత నిలవని సమస్య) వాడే మిథైల్‌ఫెనిడేట్ ఉత్ప్రేరకం. పోటీల సమయంలో నిషిద్ధం. పోటీ సమయం అంటే మ్యాచ్ మొదలైనప్పటి నుంచి అనుకోకండి, ముందురోజు రాత్రి 11:59 నుంచే లెక్క. అదే సమస్యకు వాడే అటోమోక్సెటిన్‌కు నిషేధం లేదు. తప్పనిసరై నిషిద్ధ మందు వాడాల్సి వస్తే టీయూఈ, అంటే వైద్య కారణాలతో ఇచ్చే మినహాయింపు తీసుకోవాలి. జాతీయ స్థాయివాళ్లు నాడాకు, అంతర్జాతీయ స్థాయివాళ్లు తమ అంతర్జాతీయ ఫెడరేషన్‌కు, పోటీకి కనీసం 30 రోజుల ముందు దరఖాస్తు చేయాలి. బీటా బ్లాకర్లకు షూటర్లు, ఆర్చర్లు ఈ మినహాయింపు పొందడం చాలా కష్టం.

నిషేధం లేకపోయినా ఆలోచించాల్సినవి ఉన్నాయి. మిర్టజపిన్ ఆకలిని, బరువును పెంచుతుంది, బరువు విభాగాల్లోవాళ్లు ముందే అడగాలి. లిథియం వాడేవాళ్లు చెమటతో ఒళ్లు ఎండిపోయేలా వెయిట్ కట్ చేస్తే, నొప్పులకని ఐబుప్రొఫెన్ లాంటివి మింగితే, రక్తంలో మందు మోతాదు ప్రమాదకరంగా పెరగొచ్చు. నిద్రమాత్రలు అలవాటుగా మారతాయి, పొద్దున మత్తు మిగులుతుంది. ఇక ఎవరో ఇచ్చిన ‘నిద్ర చూర్ణం’, ఆన్‌లైన్‌లో కొన్న ‘స్ట్రెస్ రిలీఫ్’ పొడి వద్దు. డబ్బా మీద రాయనివి లోపల ఉండొచ్చు, పట్టుబడితే బాధ్యత పూర్తిగా మీదే. గంజాయి, భంగ్ కూడా పోటీల్లో నిషిద్ధమే. పైగా దాని ఆనవాళ్లు ఒంట్లో చాలా రోజులు నిలిచిపోతాయి.

డోప్ టెస్ట్ ఫారంలో గత ఏడు రోజుల్లో వాడిన మందులు రాయమంటారు. చాలామంది ఇక్కడ భయపడతారు, పక్కన కోచ్ ఉంటారు కాబట్టి. మీ ప్రతినిధిగా కోచ్‌నే తీసుకెళ్లాలన్న నియమం లేదు. నమ్మకమైనవాళ్లు ఎవరైనా రావచ్చు. ఎవరూ లేకుండానూ వెళ్లొచ్చు.

6. ఏడాది క్యాలెండర్‌లో బలహీనమైన వారాలు గుర్తుపెట్టుకోండి

గాయం, ఆపరేషన్, జట్టులో చోటు పోవడం, పెద్ద టోర్నీ ముగియడం, ఇంట్లో చావు, ఆట మానేయడం. ఈ సమయాల్లో చెకప్ ముందే పెట్టుకోవాలి. బీజింగ్ ఒలింపిక్స్‌లో మణికట్టు గాయంతో మ్యాచ్ మధ్యలో వైదొలిగాక నెలల తరబడి డిప్రెషన్‌లో ఉన్నానని సానియా మీర్జా తర్వాత చెప్పారు. అదే బీజింగ్‌లో స్వర్ణం గెలిచిన అభినవ్ బింద్రా కూడా గెలుపు తర్వాత తనను ఆవరించిన శూన్యం గురించి, కుంగుబాటు గురించి బహిరంగంగా మాట్లాడారు. ఒకే ఒలింపిక్స్, ఒకరికి గాయం, ఒకరికి స్వర్ణం. కాబట్టి సన్మానాల ఊరేగింపు అయిన తర్వాతి వారానికి కూడా అపాయింట్‌మెంట్ పెట్టుకోండి. ఓడినవాళ్లను కనీసం ఎవరో ఒకరు పలకరిస్తారు, గెలిచినవాళ్లకు దిగులుంటుందని ఎవరికీ తోచదు.

ఓడిన రాత్రి ఫోన్ సంగతి: సోషల్ మీడియా పాస్‌వర్డ్ అక్కకో స్నేహితుడికో ఇచ్చి, మూడు రోజులు మీ ఫోన్‌లోంచి యాప్ తీసేయండి. తిట్లను వాళ్లు చూసి బ్లాక్ చేస్తారు.

7. ప్రాణం మీదికి వచ్చే రోజుకు ముందే సిద్ధపడండి

మనసు నిలకడగా ఉన్న రోజున రాసిపెట్టుకోవాల్సిన కాగితం ఇంకొకటి ఉంది. నాకు చావు ఆలోచనలు వస్తే ముందుగా ఏం కనిపిస్తుంది, అప్పుడు ఎవరికి ఫోన్ చేస్తాను, వాళ్లు ఎత్తకపోతే ఎవరికి, డాక్టర్ నంబర్ ఏది. ఆ కాగితం ఫొటో రూమ్‌మేట్ దగ్గర, ఇంట్లో ఒకరి దగ్గర ఉండాలి. టెలి మానస్ నంబర్ 14416. 2022 అక్టోబరు 10న మొదలైన ప్రభుత్వ సేవ ఇది. ఇరవై నాలుగు గంటలూ ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ప్రమాదం అప్పటికప్పుడే ఉంటే 112 లేదా 108. షూటర్లు ఆయుధాన్ని రేంజ్ ఆర్మరీలో అప్పగించాలి, గదిలో ఉంచుకోకూడదు. మాత్రల డబ్బా రూమ్‌మేట్ దగ్గర పెట్టి ఏ రోజువి ఆ రోజు తీసుకోవచ్చు.

మీరే రూమ్‌మేట్ అయితే, సూటిగా అడగండి: “చచ్చిపోవాలనిపిస్తోందా?” అలా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టు అవుతుందన్నది అపోహ. ఉందని చెబితే ఒంటరిగా వదలకండి, కాగితంలో ఉన్న నంబర్‌కు ఫోన్ చేయండి. ‘ఎవరికీ చెప్పనని ఒట్టు వెయ్’ అంటే వేయకండి. ఇంతసేపూ గోప్యత గురించి చెప్పినదంతా ఈ ఒక్క సందర్భానికి వర్తించదు.

8. విరామం తీసుకోవాల్సి వస్తే

ముందుగా తేదీలు రాయించుకోండి. ‘కొంతకాలం’ అని డాక్టర్ లెటర్‌లో ఉంటే ఫెడరేషన్ మిమ్మల్ని మర్చిపోతుంది. ‘ఆరు వారాలు, తర్వాత పునఃపరీక్ష’ అని ఉంటే మీరు జాబితాలోనే ఉంటారు. రైల్వేలోనో పోలీసు శాఖలోనో స్పోర్ట్స్ కోటా ఉద్యోగం ఉంటే మెడికల్ లీవ్ పెట్టండి, గైర్హాజరు కాకండి.

అమెరికా జిమ్నాస్ట్ సిమోన్ బైల్స్ టోక్యో ఒలింపిక్స్‌లో జట్టు ఫైనల్ మధ్యలో తప్పుకున్నప్పుడు పారిపోయిందన్నారు. గాల్లో తిరుగుతుండగా ఒళ్లు ఎటు ఉందో తెలియని స్థితిలో దూకితే మెడ విరగొచ్చు. వారం తర్వాత తనకు ప్రమాదం లేని బీమ్ మీద పోటీపడి కాంస్యం గెలిచింది, తర్వాత రెండేళ్లు ఆగింది. 2024 పారిస్‌లో మూడు స్వర్ణాలు, ఒక రజతం. అక్కడ జట్టు ఫైనల్ రోజు పొద్దున కూడా థెరపీతోనే రోజు మొదలుపెట్టానని చెప్పింది. తిరిగొచ్చాక కూడా చికిత్స ఆపలేదన్నది గమనించండి.

తిరిగి వచ్చేటప్పుడు మెట్లు మెట్లుగా రండి. ముందు నిద్ర, తిండి కుదుటపడాలి. తర్వాత జట్టు లేకుండా ఒంటరిగా తేలికపాటి కసరత్తు, ఆ తర్వాత క్యాంప్, తర్వాత పెద్దగా పట్టింపు లేని ఒక చిన్న టోర్నీ, ఆఖరికి ట్రయల్స్. ఒక మెట్టు మీద డైరీలో నిద్ర మార్కులు వరసగా పడిపోతే కిందిమెట్టుకు దిగండి. బాగుందని మాత్రలు మీకు మీరే ఆపకండి, ఎప్పుడు ఎలా తగ్గించాలో డాక్టర్ చెబుతారు.

నాడా రిజిస్టర్డ్ టెస్టింగ్ పూల్‌లో (ఎప్పుడైనా పరీక్షకు పిలవగల క్రీడాకారుల జాబితా) ఉన్నవాళ్లు ఇంకొకటి చూసుకోవాలి. విరామంలో ఉన్నా, ఆసుపత్రిలో ఉన్నా వేర్‌అబౌట్స్ నింపాల్సిందే. రోజుకు ఒక గంట ఎక్కడ ఉంటారో చెప్పాలి, 12 నెలల్లో మూడుసార్లు తప్పితే డోపింగ్ ఉల్లంఘనే. లేచి మొహం కడుక్కోవడమే కష్టంగా ఉన్న రోజుల్లో ఇది గుర్తుండదు. నింపే పని నమ్మకమైనవాళ్లకు అప్పగించవచ్చు, కానీ తప్పు జరిగితే జవాబుదారీ మీరే కాబట్టి వారానికోసారి సరిచూసుకోండి.

అలాంటి రోజుల్లోనే ‘ఇక ఆడను’ అని లేఖ రాసేయాలనిపిస్తుంది. రాయండి గానీ పంపకండి. ఆ పూల్‌లో ఉన్నవాళ్లు ఒకసారి రిటైర్మెంట్ లేఖ ఇచ్చాక మనసు మార్చుకుంటే, తిరిగి వస్తున్నానని ముందుగా రాసిచ్చి, ఆరు నెలలు పరీక్షలకు అందుబాటులో ఉంటేనే మళ్లీ జాతీయ, అంతర్జాతీయ పోటీల్లో ఆడనిస్తారు. లేఖను డాక్టర్‌కు చూపించండి. చికిత్స కుదురుకుని మూడు నెలలు గడిచాక కూడా అదే అనిపిస్తే అప్పుడు పంపండి.